చప్పుడు చేయని ఫ్రీవీల్

"మూత లేని డబ్బా ఉన్నదా?"

చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ పక్కన ప్లాస్టిక్ సామాన్ల హోల్‌సేల్ దుకాణం. కౌంటర్‌లో కూర్చున్న మనిషి అడిగినవాణ్ని ఎగాదిగా చూశాడు.

"డబ్బాలు అయిపోయినయి. మూతలే ఉన్నయి."

"ఎర్రవి రెండియ్యి."

కోడ్ కుదిరింది. బకెట్ల గుట్ట వెనకున్న ఇనుప తలుపు తెరుచుకుంది. ఏజెంట్ కృపాకర్ తల వంచి లోపలికి వెళ్లాడు.

లోపల ఏసీ గది, గోడకు పెద్ద స్క్రీన్, దాని ముందు నేతచీరలో నీలమ్మ. బజార్లో చూస్తే బీరకాయలు బేరమాడే పెద్దమ్మ అనుకుంటారు. గూఢచారి సెక్షన్‌కు చీఫ్. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి.

"కూసో. ఇది ఏందో చెప్పు."

స్క్రీన్ మీద ఒక బోర్డు ఫొటో.

"సముద్రం మీద నిలబడి ఆడుకునే బోర్డు."

"కరెంటు హైడ్రోఫాయిల్. బోర్డు కింద కంబం, కంబానికి రెక్క, రెక్క దగ్గర మోటారు, మోటారుకు ఫ్యాను. స్పీడు అందుకుంటే బోర్డు నీళ్ల మీదికి లేస్తది. రెక్క ఒక్కటే లోపల ఉంటది." ఆమె రిమోట్ నొక్కింది. మీరాలం చెరువు మ్యాప్ వచ్చింది. "వచ్చే గురువారం నుంచి శనివారం దాకా మన నేవీ ల్యాబోళ్లు ఈడ ఒక తెప్ప నిలబెడుతున్నరు. చుట్టూ నీళ్లల్ల హైడ్రోఫోన్లు. నీటి చెవులనుకో. వంద మీటర్ల లోపల ఏ మోటారు మోగినా గట్టు మీద అలారం కొడతది. తెప్ప మీద నారింజ రంగు పెట్టె ఉంటది. అండ్ల మన సబ్‌మెరైన్ల చప్పుళ్లున్నయి, ఒక్కొక్క దానిది వేరేగ. అవి వినిపించి ఆ చెవులకు గుర్తుపట్టుడు నేర్పుతున్నరు."

"పెట్టె పోతే?"

"సముద్రం అడుగున మన పడవ ఏది ఏడున్నదో అవతలోడు కండ్లు మూసుకొని చెప్తడు. ఒక్కొక్క పడవల డెబ్బై ఎనభై మంది ఉంటరు, కృపాకర్."

"మోటారుతోని వచ్చి, వంద మీటర్ల ముందు ఆపేసి, ఆ ఊపు మీద జారుకుంట తెప్ప దాకా రావాలె. అది పెట్టె కొట్టెయ్యాలని చూస్తున్న ముఠా ప్లాన్. మామూలు ఫ్యానుతోని కాదు. మోటారు ఆగితే ఫ్యాను ఆగి నీళ్లకు అడ్డం పడతది. ముప్పై మీటర్లకే బోర్డు కూలబడతది."

"అయితే మోటారు ఆగినా ఫ్యాను తిరుగుతనే ఉండాలె. సైకిల్ ఫ్రీవీల్ లెక్క. తొక్కుడు ఆపినా చక్రం పోతనే ఉంటది."

నీలమ్మ కళ్లజోడు మీదుగా చూసింది. "మీ నాయినది సైదాబాద్‌ల సైకిల్ షాపు కదా. అందుకే పిలిచిన నిన్ను."

అలాంటి ఫ్యాన్లు విదేశాల్లో రెడీమేడ్‌గానే దొరుకుతాయి. కానీ తెప్పిస్తే కస్టమ్స్‌లో కాగితం మిగులుతుంది. అందుకని ఆ ముఠా కిషన్‌బాగ్‌లో లేత్ మిషన్ దుకాణం నడిపే అబ్దుల్ వాహెద్ ఉస్తాద్‌ను పట్టుకుంది. వాటర్ స్పోర్ట్స్ కంపెనీ అని చెప్పింది.

"ఆయనకు ఏం తెల్వదు. యాభై ఏండ్ల పేరున్న మనిషి. పెట్టె పోతే ముందుగాల జైలుకు పోయేది ఆయనే."

"ఇప్పుడే అందర్నీ పట్టుకుందాం మేడమ్."

"తెప్ప మీద డ్యూటీ చేసేటోళ్లల్ల ఒకడు వాళ్ల మనిషి. ఎవడో తెల్వదు. వాడు తాళం తీసియ్యందే పెట్టె కదలదు. వాడు చెయ్యి చాపినప్పుడే దొరకాలె. అందుకే ఫ్యాను తయారు కానియ్యాలె. కాని పెట్టె గట్టు దాటొద్దు. ఎట్ల చేస్తవో నువ్వే చూసుకో."

ఫైలు మూస్తూ చివరి ఫొటో చూపించింది. పొట్టి జుట్టు, నల్ల కళ్లద్దాలు, చూసినవాడు మరోసారి చూడకుండా ఉండలేని ముఖం.

"సాయిప్రియ. దుకాణానికి వచ్చేది ఈమెనే. వాళ్ల డిజైనర్. మన పిల్లనే, మూడేండ్ల సంది వాళ్లల్ల పెట్టిన. దొంగతనం శనివారమని, బోర్డు ఎక్కేటోడు డీటర్ అనే విదేశీయుడని, ఎనభై ఐదు కిలోల మనిషని రిపోర్టు పంపింది. నువ్వెవరో ఆమెకు తెల్వొద్దు."

"మన పిల్లనే అయితే నేనెందుకు మేడమ్?"

"మన పిల్లనే కాబట్టి," అంది నీలమ్మ.

*

తొమ్మిది రోజులు గడిచేసరికి ఏజెంట్ కృపాకర్ ముక్కులో ఇత్తడి పొడి తప్ప మరేమీ మిగల్లేదు. ఇప్పుడతని పేరు మైసయ్య. బఫింగ్ మనిషి, అంటే లోహానికి మెరుగు పెట్టేవాడు. తలకు తువ్వాల, చెవిలో పత్తి, ఆ పత్తిలో మైకు. బీడీకట్టలో కెమెరా ఉంది. బీడీ తాగడం మాత్రం రాదు. దగ్గు ఆపుకోలేక రోజుకు మూడుసార్లు బయటికి పోయేవాడు.

అబ్దుల్ వాహెద్‌కు డెబ్బై ఏళ్లు. పంపుల ఫ్యాన్లు, పడవల ఫ్యాన్లు, గిర్నీల గేర్లు, ఏది విరిగినా పాతబస్తీ మొత్తం ఆయన దగ్గరికే తెస్తుంది. కంప్యూటర్ లేదు. కొలత వేలితో చూసి తర్వాత స్కేలుతో చూస్తాడు. రెండూ కలవకపోతే స్కేలును అనుమానిస్తాడు.

ముందు రెక్కలు ముడుచుకునే ఫ్యాను చేశాడు. మోటారు ఆగగానే పూవు ముడుచుకున్నట్టు రెక్కలు వెనక్కి ముడుచుకుంటాయి. చక్కగానే ఉంది కానీ ముడుచుకునేటప్పుడు ఠప్పుమని కొట్టుకుంది. సాయిప్రియ వద్దంది. దాంతో ఉస్తాద్ రెండో దారి పట్టాడు. మూడు రెక్కల ఫ్యాను గన్‌మెటల్‌లో పోతపోసి, దాని బొడ్డులో సైకిల్ ఫ్రీవీల్ లాంటిది కూర్చాడు. లోపల చుట్టూ పళ్లు, ఆ పళ్లను పట్టుకోవడానికి రెండు చిన్న ఉక్కు ముక్కలు, వాటిని పైకి నెట్టే వెంట్రుకంత స్ప్రింగులు. ఆ ముక్కలను మిస్త్రీలు కుత్తాలంటారు. మోటారు తిప్పితే కుత్తాలు పళ్లను కరిచి పట్టుకుంటాయి. మోటారు ఆగితే వదిలేస్తాయి. నీళ్ల తోపుకు ఫ్యాను తనంతట తాను తిరుగుతూ ఉంటుంది.

మంగళవారం మధ్యాహ్నం సాయిప్రియ వచ్చింది. గల్లీ చివర తెల్ల కారు ఆగింది. ఎదురు టైర్ల దుకాణంలో గాలి కొట్టేవాడు పంపు వదిలేసి నిలబడ్డాడు.

"సలామ్ బాబా. అయిందా?"

"అయింది బీబీ. చూడు."

ఉస్తాద్ ఫ్యానును నీళ్ల డ్రమ్ములో ముంచి తిప్పాడు. ఆమె హ్యాండ్‌బ్యాగ్ నుంచి పౌడర్ డబ్బా తీసి, అద్దం పక్కకు తిప్పి, సన్నటి వైరు నీళ్లలోకి వదిలింది. అద్దం ఉండాల్సిన చోట ఆకుపచ్చ గీత గంతులు వేసింది. టిక్ టిక్ టిక్ టిక్.

"ఈ సౌండ్ వద్దు."

"అది కుత్తాలు పండ్ల మీదికెంచి దాటే చప్పుడు. ఫ్రీవీల్ అన్నంక గది రాకపోతే ఎట్ల?"

"జీరో సౌండ్ కావాలి బాబా. రేపు మధ్యాహ్నానికి."

"రోలర్లు పెట్టి చేస్తే రాదు. మంచి రోలర్లు పుణె నుంచి తెప్పియ్యాలె. నాలుగు రోజులు ఆగు."

"రేపే కావాలి. రైడర్ ప్రాక్టీస్ చేసుకోవాలి."

"ఎక్కేటోళ్ల బరువెంత?"

"ఎయిటీ ఫైవ్. ఎనభై ఐదు కిలోలు."

ఆమె వెళ్లిపోయింది. ఉస్తాద్ ఫ్యానును చేతిలో అటూ ఇటూ తిప్పుతూ గొణుక్కున్నాడు.

"ఎనభై ఐదు కిలోలంట. ఆమె ఇచ్చిన నక్షా ఆ బరువుకు చాలదు. గంత మనిషి ఎక్కితే ఇది నీళ్లు గిలక్కొట్టుడే గాని బోర్డును లేపదు. ఇది అరవై కిలోల లోపల ఉన్నోళ్లకు చేసే రెక్క."

బఫింగ్ చక్రం మీద కృపాకర్ చేయి ఆగింది. గల్లీ చివర తెల్ల కారు ఇంకా మలుపు తిరగలేదు. స్టీరింగ్ ముందున్న మనిషి బరువెంతో ఊహించడానికి తూకం అక్కర్లేదు. మహా అయితే యాభై ఐదు.

బోర్డు ఎక్కేది డీటర్ కాదు. సాయిప్రియే.

అతనికి గోరుచుట్టు మీద రోకటిపోటు పడ్డట్టయింది. బరువు అబద్ధమైతే శనివారం అన్న మాటా అబద్ధమే. తెప్ప దిగేది గురువారం. ఫ్యాను కావాలన్నది బుధవారం. అంటే దొంగతనం గురువారమే.

చేతిలో ఒక్క రాత్రి ఉంది. రోలర్లు పెడితే దొంగతనం సాఫీగా జరుగుతుంది. టిక్ టిక్ ఉంటే అసలు జరగదు. లోపలి దొంగ దొరకడు. బోర్డు రావాలి, జారాలి, కానీ తిరిగి పోకూడదు. కృపాకర్‌కు సైదాబాద్ షాపులో చలికాలం పొద్దుటి పూటలు గుర్తొచ్చాయి. పాలవాళ్లు సైకిళ్లు నెట్టుకుంటూ వచ్చేవాళ్లు. పెడల్ ఖాళీగా తిరుగుతోంది, చక్రం కదలట్లేదు అనేవాళ్లు. ఫ్రీవీల్‌ల గ్రీజు ఎవడు పెట్టమన్నడని నాయిన విప్పకుండానే తిట్టేవాడు.

"ఉస్తాద్, గ్రీజు పెడదాం. చప్పుడు రాదు."

అబ్దుల్ వాహెద్ మెల్లగా తల ఎత్తాడు.

"సైకిల్ షాపులో పుట్టినోడు అనే మాటేనా ఇది? ఫ్రీవీల్‌ల సన్నని నూనె రెండు చుక్కలు ఎయ్యాలె. గ్రీజు పెడితే కుత్తాలు అతుక్కుంటయి. చలికి బిగుసుకుంటయి. లోపలికి పోయినయి మళ్ల బయటికి రావు."

"సైకిల్ షాపు సంగతి మీకెవరు చెప్పిన్రు?"

"ఒక్కరు చెప్పాల్నా? నట్లు చేతితోని లెక్కపెట్టవు, చప్పుడుతోని లెక్కపెడతవ్. ఇంకోటి చెప్తా విను. బఫింగ్ చేసేటోడు గోడ దిక్కు తిరిగి కూసుంటడు, పొడి కండ్లల్ల పడొద్దని. నువ్వు తొమ్మిది రోజుల సంది దర్వాజ దిక్కే ముఖం పెట్టి కూసున్నవ్. పోలీసోనివా?"

"ఇంచుమించు," అన్నాడు కృపాకర్.

ఇక దాచి లాభం లేదు. షట్టర్ సగం దించి అంతా చెప్పాడు. తెప్ప, పెట్టె, ఒక్కో పడవలో డెబ్బై ఎనభై మంది. ఉస్తాద్ అంతా విన్నాడు. చివరికి ఫ్యానును గుడ్డతో తుడిచి బల్ల మీద పెట్టాడు.

"ఈ దుకాణం నుంచి ఇప్పటి దాక ఖరాబ్ మాల్ పోలే, బేటా."

"నాకు తెలుసు ఉస్తాద్."

"నీకు తెల్వదు. మా అబ్బా కాలం సంది పోలే." ముసలాయన ముఖంలో నిజంగానే బాధ కనిపించింది. "చేస్త. రెండు షరతులున్నయి. ఒకటి, గిరాకీకి ఉన్నదున్నట్టు చెప్త. చెప్పకుండ ఇయ్య. వినంక కూడ తీసుకపోతే అది ఆమె ఖర్మ."

"ఉస్తాద్, చెప్తే తీసుకపోదు. మొత్తం పాడైతది."

"అయితే చెయ్య."

శత్రువుకు ముందే ఉచ్చు చూపించి రమ్మనే ఆపరేషన్ సెక్షన్ చరిత్రలో లేదు.

"రెండోది?" అన్నాడు కృపాకర్.

"పనైనంక ఆ ఫ్యాను నాకు తెచ్చియ్యాలె. ఖరాబ్ పని బయట తిరగొద్దు."

*

బుధవారం మధ్యాహ్నం పన్నెండున్నర. బయట చలికాలపు ఎండ పెళ్లున కాస్తోంది. పొద్దుటి నుంచే కృపాకర్ నీళ్ల డ్రమ్మును పోత కొలిమి పక్కకు జరిపి పెట్టాడు. నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. వెచ్చటి నీళ్లలో గ్రీజు మెత్తగా ఉంటుంది, కుత్తాలు బాగా ఆడతాయి. ఉస్తాద్ డ్రమ్మును చూశాడు, కృపాకర్‌ను చూశాడు, తన పనిలోకి వంగాడు.

సాయిప్రియ ఈసారి తన మోటారు కూడా తెచ్చింది. ఫ్యాను బిగించి డ్రమ్ములో దింపింది. ట్రిగ్గర్ నొక్కింది. నీళ్లు ఎగిరి కృపాకర్ చొక్కా తడిసింది. ట్రిగ్గర్ వదిలింది. మోటారు ఆగింది, ఫ్యాను తిరుగుతూనే ఉంది. పౌడర్ డబ్బాలో ఆకుపచ్చ గీత పడుకున్న పాములా కదలకుండా ఉంది.

"వండర్‌ఫుల్," అంది. "ఎలా చేశారు బాబా?"

"గ్రీజు పెట్టిన."

కృపాకర్ బఫింగ్ చక్రం మీదికి వంగాడు. చెవులు మాత్రం వెనకే ఉన్నాయి.

"బీబీ, ఒక మాట విను. గ్రీజుతోని చప్పుడు పోతది గాని ఇది మంచి పని కాదు. ఫ్రీవీల్‌కు గ్రీజు పడదు. ఇప్పుడు నడుస్తది, ఎన్ని రోజులంటే చెప్పలేను. చలికైతే ఇంకా మొండికేస్తది. కుత్తాలు అతుక్కుంటే మోటారు తిరుగుతది, ఫ్యాను తిరగదు. నాలుగు రోజులాగితే రోలర్లు పెట్టి పక్కా చేసిస్త. నా మాట విని ఆగు."

సాయిప్రియ ఆయన వైపు చూసింది. కళ్లద్దాలు పైకి తోసింది. మళ్లీ ట్రిగ్గర్ నొక్కింది. నీళ్లు ఎగిరాయి. వదిలింది, నొక్కింది, వదిలింది. ప్రతిసారీ ఫ్యాను చక్కగా పట్టుకుంది. ఒక్క చెంబుడు చల్లటి నీళ్లు తెప్పించి పోయమంటే ఆట కట్టు.

ఆమె నవ్వింది.

"బాబా, మీరు మా తాతయ్య లాగే భయపడతారు. నాకు ఒక్క పూట నడిస్తే చాలు."

ఫ్యానును మెత్తటి గుడ్డలో చుట్టుకొని వెళ్లిపోయింది. అబ్దుల్ వాహెద్ చేతులు కడుక్కొని నమాజుకు వెళ్లాడు. కృపాకర్ చెవిలోని పత్తిని సర్దుకున్నాడు.

"మేడమ్, విన్నరా?"

"విన్న." నీలమ్మ గొంతు ఎప్పటిలా లేదు. "ఒక్క పూట అన్నది. నాకు పంపిన రిపోర్టుల మూడు రోజులు ప్రాక్టీసు అన్నది. దానికి పదహారేండ్లప్పటి నుంచి సదువు నేనే చెప్పిచ్చిన, కృపాకర్."

"పట్టుకుందామా మేడమ్?"

"వద్దు. లోపలోడు కావాలె. తెప్ప మీద ఎవ్వరికీ చెప్పను, ఎవన్ని నమ్మాల్నో తెల్వదు. కట్ట మీద నేనుంటా, నా మనుషులు నలుగురుంటరు. నీళ్లల్ల నువ్వొక్కనివే. నీ గ్రీజు మీద నమ్మకమున్నదా?"

"మా నాయిన తిట్ల మీద ఉన్నది మేడమ్."

*

గురువారం ఉదయం ఆరున్నర. మీరాలం చెరువు మీద మంచు తెరలు తెరలుగా లేస్తోంది. చలికి పళ్లు కొట్టుకుంటున్నాయి. జూ పార్కు వైపు నుంచి సింహం ఒకటి గర్జించి ఊరుకుంది.

కమాన్ల కట్టకు యాభై మీటర్ల దూరంలో, గుండ్రటి పుట్టిలో వల పట్టుకొని కూర్చున్నాడు కృపాకర్. పుట్టిని ఇటు తోస్తే అటు తిరుగుతుంది, అటు తోస్తే అక్కడే తిరుగుతుంది. వల మడతల్లో బైనాక్యులర్. దూరంగా తెప్ప, దాని మీద నారింజ పెట్టె. కట్ట మీద నలుగురు మార్నింగ్ వాకర్లు. మంకీ క్యాప్ పెట్టుకొని చేతులు ఊపుతూ నడుస్తున్న పెద్దమ్మ నీలమ్మ.

చెయ్యి నీళ్లలో ముంచి చూశాడు. మంచులా ఉంది. అది ఒక్కటే శుభవార్త.

ఆరు నలభైకి సెంట్రీ డ్యూటీ మారుతుంది. పడవ ఒక సెంట్రీని గట్టుకు తీసుకెళ్లి ఇంకొకణ్ని తీసుకురావాలి. ఆ నాలుగు నిమిషాలు తెప్ప మీద ఒక్కడే మిగిలాడు. విశాల్ అనే ఇంజనీరు. అతను గబగబా పెట్టె ముందు మోకాళ్లూని కూర్చున్నాడు.

"లోపలోడు విశాల్," అన్నాడు కృపాకర్ మైకులో.

"కనబడ్డడు. కదలకు."

అవతలి ఒడ్డున, మంచులో, చిన్నగా మోటారు మోత వినిపించింది. నీళ్లకు అడుగు ఎత్తున నల్లటి ఆకారం ఎగురుతూ వస్తోంది. నల్ల వెట్‌సూట్, పొట్టి జుట్టు. వంద మీటర్ల గుర్తు దగ్గర మోత ఆగింది. బోర్డు ఆగలేదు. చప్పుడు లేకుండా, అల లేకుండా, అద్దం మీద జారినట్టు జారుతూనే ఉంది. ఎనభై. అరవై. నలభై. గట్టు మీద అలారం కొట్టలేదు. ఉస్తాద్ పనితనం చూస్తే శత్రువుకైనా ముచ్చటేస్తుంది. బోర్డు మెల్లగా నీళ్ల మీదికి వాలి తెప్పను తాకింది.

విశాల్ చెయ్యి చాపాడు. పెట్టె చేతులు మారింది. బైనాక్యులర్‌కు ఆనించిన బీడీకట్ట కెమెరా అంతా రికార్డు చేసింది.

సాయిప్రియ పెట్టెను వీపుకు కట్టుకొని బోర్డు మీద పడుకుంది. ట్రిగ్గర్ నొక్కింది.

మోటారు ఒంటరిగా గీ పెట్టింది. ఫ్యాను తిరగలేదు. గట్టు మీద అలారం మోగింది. ఆమె మళ్లీ నొక్కింది. మళ్లీ గీ. కృపాకర్ తెడ్డు అందుకున్నాడు.

మూడోసారి కుత్తా పట్టుకుంది.

బోర్డు దూసుకొచ్చింది. లేచింది. సాయిప్రియ నిలబడింది. గంటకు ముప్పై కిలోమీటర్ల వేగంతో నేరుగా కట్ట వైపు వస్తోంది. కట్ట మీద ఒక కారు ఇంజన్ ఆన్‌లో ఉంది. దాని డిక్కీలోంచి తాడు చుట్ట భుజాన వేసుకొని ఒక తెల్లటి భారీ మనిషి కమాన్ అంచుకు వచ్చాడు. డీటర్. ఎనభై ఐదు కిలోలు నిజమే అయ్యుండొచ్చు.

"కృపాకర్!" నీలమ్మ గొంతు. "అది లేచింది. నీ గ్రీజు ఏమైంది?"

ముసలాయన పేరు పోతుంది, పడవల్లో ఉన్నవాళ్ల ప్రాణాలు పోతాయి. ఒక్క సైకిల్ షాపు జ్ఞాపకం మీద దేశాన్ని పందెం కాశాడు. తెడ్డును నీళ్లలోకి పొడిచాడు. పుట్టి గిర్రున తిరిగి అతణ్ని వెనక్కి తిప్పింది. కళ్లు తిరుగుతున్నా ఒక్క సంగతి మాత్రం స్పష్టంగా తట్టింది. బోర్డు దారిలో అడ్డంగా ఉంటే చాలు. ఆమె పక్కకు తిరగాలి. తిరగాలంటే స్పీడు తగ్గించాలి.

వలను ఎత్తి బోర్డు దారిలోకి విసిరాడు.

సాయిప్రియ వలను చూసింది. వేలు ట్రిగ్గర్ మీద సడలింది. ఒక్క క్షణమే. బోర్డు నాజూగ్గా పక్కకు ఒంగి వల అంచు తగలకుండా తప్పించుకుంది. ఆ ఒక్క క్షణంలో ఫ్యాను స్వేచ్ఛగా తిరిగింది, కుత్తాలు లోపలికి పోయాయి. చల్లటి గ్రీజు వాటిని పట్టేసుకుంది.

ఆమె మళ్లీ ట్రిగ్గర్ నొక్కింది. గీ. ఇంకా గట్టిగా నొక్కింది. గీ. బోర్డు నెమ్మదించి, వాలి, పొట్ట మీద కూర్చుంది. కట్ట ఇంకా పాతిక మీటర్లు.

డీటర్ తాడు విసిరాడు. తాడు చివర ఆమెకు రెండు మూరల అవతల నీళ్లలో పడింది. రెండో కొస కారుకు కట్టి ఉంది. అది అందితే కారే లాగేస్తుంది. ఆమె బోర్డు మీద బోర్లా పడుకొని చేతులతో నీళ్లు తోసింది. మూర దూరం. జానెడు. వేళ్లు తాడును తాకాయి.

కృపాకర్ పుట్టి గిర్రున తిరుగుతూ వచ్చి బోర్డును గుద్దింది. తాడు జారిపోయింది. పైన కట్ట మీద నలుగురు మార్నింగ్ వాకర్లు డీటర్ మీద పడ్డారు.

సాయిప్రియ లేచి కూర్చుంది. చేతిలో లిప్‌స్టిక్ అంత పిస్టల్.

"బఫింగ్ చేసే మైసయ్యవి కదా? సెక్షన్ ఏజెంటువన్నమాట. నేను మీ మేడమ్ మనిషిని. ప్లాన్ మారింది, చెప్పే టైమ్ లేదు. పెట్టె కాపాడటానికే తీసుకున్నాను. పక్కకు తప్పుకో."

మూడేళ్లుగా ఆమె పంపిన రిపోర్టుల్లో సగం నిజాలే. ఆ సగం చూపించే మిగతా సగం అబద్ధాలు నమ్మించింది. ఒక్క క్షణం అతను తటపటాయించాడు. ఆ ముఖం అబద్ధం చెబుతోందంటే ఎవరికైనా నమ్మబుద్ధి కాదు.

"టైమ్ లేదా? నిన్న పన్నెండున్నరకు బాబాకు చెప్పినవ్ కదా, ఒక్క పూట చాలని. ఆ మాట మేడమ్‌కు ఎందుకు చెప్పలే?"

ఆమె వేలు బిగిసింది. కృపాకర్ తెడ్డు అంతకంటే ముందే లేచింది. జీవితంలో మొదటిసారి పుట్టి అతను తిప్పిన వైపే తిరిగింది. పిస్టల్ నీళ్లలో పడింది. సాయిప్రియ కూడా పడింది. ఆమె వీపున కట్టిన నారింజ పెట్టె మాత్రం తేలుతూ నిలబడింది.

కట్ట మీదికి తీసుకొచ్చాక నీలమ్మ ఆమెకు తన శాలువా కప్పింది. విశాల్‌ను, డీటర్‌ను, ఆమెను ఎక్కించుకున్న జీపు వెళ్లిపోయేదాకా అటే చూస్తూ నిలబడింది.

*

అదే రోజు సాయంత్రం కృపాకర్ ఎవిడెన్స్ గదిలో గంటసేపటికని సంతకం పెట్టి ఫ్యానును కిషన్‌బాగ్ తీసుకొచ్చాడు. అబ్దుల్ వాహెద్ దాన్ని కిరోసిన్‌లో ముంచి బ్రష్‌తో కడిగాడు. గ్రీజు ముద్దలు ముద్దలుగా ఊడింది. సన్నని నూనె రెండు చుక్కలు వేసి వేలితో తిప్పాడు.

టిక్ టిక్ టిక్ టిక్.

ముసలాయన కళ్లు మూసుకొని విన్నాడు. రెండు రోజుల తర్వాత ఆయన ముఖంలో తెరిపి కనిపించింది.

"బీబీ ఏమన్నదిరా? నా పని మీద షికాయత్ చేసిందా?"

"చెయ్యలే ఉస్తాద్. ఇంటరాగేషన్‌ల మొదటి మాట అదే చెప్పింది. బాబా ముందే చెప్పిండు, నేనే వినలేదు అన్నది."

"మరి? నేను గిరాకీకి ఎప్పుడూ అబద్ధం చెప్పలే."

కృపాకర్ బల్ల మీద ఆపరేషన్ రిపోర్టు ఫారం పరిచాడు. పేరు, తేదీ, స్థలం నింపాడు. 'వాడిన ఆయుధం' అన్న గడి దగ్గర పెన్ను ఆగింది. కాసేపు ఆలోచించి ఉన్నదున్నట్టే రాశాడు: గ్రీజు, రెండు చెంచాలు. శత్రువుకు ముందుగా తెలియజేయడమైనది.